కొత్త కాంప్లెక్సుకి వాన నీళ్ల ఏర్పాటు: ఒక వానాకాలం గడిచాక నా మార్కులు

విజయవాడ సింగ్‌నగర్‌లో పదహారేళ్లుగా మ్యాచింగ్ సెంటర్ నడుపుతున్నాను. చీర తెచ్చి బల్ల మీద పెడితే దానికి లైనింగు, ఫాల్సు, జాకెట్టు గుడ్డ తీసి చూపించడం నా పని. డ్రైనేజీ గురించి రివ్యూ రాస్తానని కలలో కూడా అనుకోలేదు. కానీ మా ఆయన, మా మరిది కలిసి పాత గోడౌన్ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కట్టారు. స్థలం రెండు వేల గజాలు. సెల్లార్‌లో పార్కింగు, కింద పద్నాలుగు షాపులు, పైన ఒక అంతస్తు. పోయిన శ్రావణంలో, వరలక్ష్మీ వ్రతం ముందు వారం తెరిచాం. అందులో మూడో నంబరు షాపు నాది.

బిల్డింగు గురించి ఇక్కడ చెప్పబోవడం లేదు. వాన నీళ్లు పోవడానికి, వరద లోపలికి రాకుండా ఉండడానికి పని చేసిన కాంట్రాక్టర్ గురించి, ఆయన పెట్టిన సామాను గురించి చెబుతాను. పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతుంటే మీకే తెలుస్తుంది. ఐదుకి మూడున్నర ఇస్తున్నాను. మా ఆయన నాలుగు ఇవ్వమన్నారు, మరిది రెండు చాలన్నాడు. ఖర్చుల పుస్తకం రాసింది నేను కాబట్టి నా మార్కే లెక్క.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బెజవాడని వరద ముంచిన రోజు. ఏం జరిగిందో మా వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. అప్పటికి నా షాపు అద్దె గదిలో, రోడ్డుకి ఒక్క మెట్టు ఎత్తులో ఉండేది. నాలుగో రోజు పడవ దొరికితే వెళ్లాం. షట్టరు ఎత్తితే లేవలేదు. లోపల రాకుల్లో గుడ్డ నాని ఉబ్బిపోయి, ఒక బేలు మీద ఒకటి బిగుసుకుని కూర్చుంది. ఎర్ర టూ బై టూ జాకెట్టు గుడ్డ రంగు దిగి, పక్కనున్న తెల్ల పాప్లిన్ మొత్తం గులాబీ రంగుకి తిరిగింది. తర్వాత ఫైరింజన్లు వచ్చి వీధుల్లో బురద కడుగుతుంటే, నేను చెత్త ట్రాక్టర్‌లోకి రుబియా తాన్లు ఎత్తి వేశాను. సరుకు నష్టం లెక్క ఇక్కడ రాయను, మళ్లీ బీపీ పెరుగుతుంది.

అప్పటికి మా కాంప్లెక్సు పిల్లర్లు, మొదటి స్లాబు దాకా వచ్చింది. సెల్లార్ పదడుగుల లోతు. అంచుల దాకా నిండి కోనేరులా తయారైంది. మరిది డీజిల్ ఇంజన్లు నాలుగు తెచ్చి ఒక్క రోజులో తోడేద్దామన్నాడు. అప్పుడు వచ్చాడు ఈ కాంట్రాక్టర్. ఇద్దరు మనుషుల కంపెనీ: ఒక సివిల్ ఇంజనీరు కుర్రాడు, ఒక పెద్ద మేస్త్రి. ఇంజన్లు ఆపించాడు. చుట్టూ నేలంతా నీళ్లతో నిండి ఉన్నప్పుడు లోపల నీళ్లు ఒక్కసారిగా ఖాళీ చేస్తే, బయటి ఒత్తిడికి గోడలు లోపలికి పగులుతాయట, కింది గచ్చు పైకి లేస్తుందట. రోజుకి మూడో వంతు మించి తోడొద్దు, గోడ మీద గీత పెట్టుకుని చూడండి అన్నాడు. అప్పటికి ఆయనకి పని ఇవ్వలేదు, రూపాయి ఇవ్వలేదు. ఆ ఒక్క మాటకి అర మార్కు అప్పుడే పడింది.

ఇక మా పాత ప్లాను సంగతి. ఆర్కిటెక్టు గీసిచ్చిన కాగితంలో డాబా మీది పైపులన్నీ సెల్లార్‌లోకి దిగుతాయి. అక్కడ ఒక సంపు. సంపులోంచి మోటారు తోడి రోడ్డు పక్క కాలువలో పోస్తుంది. కాగితం మీద కాలువ దగ్గర ఒక బాణం గుర్తు. ఆ బాణానికి అవతల ఏముందో మేమూ అడగలేదు, ఆర్కిటెక్టూ చెప్పలేదు.

ఈ కుర్రాడు వచ్చి మా బిల్డింగు వైపు చూడనైనా చూడలేదు. రోడ్డు పక్క కాలువ మీది పలక లేపించి, టేపు దించాడు. లోతు మూడడుగులు. అందులో పద్నాలుగు అంగుళాలు పూడికే. తర్వాత నా వైపు తిరిగి అడిగిన ప్రశ్న ఒకటే: "మేడం, గట్టి వానలో ముందు ఈ కాలువే నిండిపోతుంది. అప్పుడు మీ నీళ్లు ఎక్కడికి పోతాయి?"

నాకు వెంటనే బుడమేరు గుర్తొచ్చింది. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే వాగు అది. బెజవాడని ముంచకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, వరదని డైవర్షన్ ఛానెల్‌లోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర ప్రకాశం బ్యారేజీకి పైన కృష్ణలో కలుపుతారు. కృష్ణే నిండుగా ఉంటే ఆ నీళ్లు కృష్ణలోకి దిగవు, వెనక్కి తంతాయి. 2024లో ఆ ఛానెల్‌కి గండ్లు పడ్డాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. అంత పెద్ద ఏటికి వచ్చిన కష్టమే మా మూడడుగుల కాలువకీ వస్తుంది. దాన్ని నమ్ముకున్న మా ఆరంగుళాల పైపుకీ వస్తుంది. పోవాల్సిన చోటు నిండిపోయింది కాబట్టి నీళ్లు ఉన్నచోటే నిలబడతాయి. పాత ప్లానులో అయితే నిలబడేది మా సెల్లార్‌లో.

కుర్రాడు లెక్క నా ఖర్చుల పుస్తకంలోనే వేసి చూపించాడు. ఆయన సంచిలో కేంద్రం 2019లో తెచ్చిన వాన నీటి డ్రైనేజీ మాన్యువల్ ప్రింటవుటు కూడా ఉంది. కానీ నాకు అర్థమైంది ఈ ఒక్క లైను: చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. మా స్థలం 1,672 చదరపు మీటర్లు. గంటలో 60 మిల్లీమీటర్లు కురిస్తే లక్ష లీటర్లు. పదో వంతు ఆవిరికీ, మట్టికీ, గచ్చు తడవడానికీ వదిలేసినా తొంభై వేలు. సెకనుకి 25 లీటర్లు. అంటే సెకనుకో పెద్ద బకెట్టు నిండి పొర్లినట్టు, గంటసేపు ఆగకుండా. పాత గోడౌన్ ఉన్న రోజుల్లో ముందు సగం మట్టి నేల, తుమ్మ చెట్లు. చాలా నీళ్లు అక్కడే నిలిచి మెల్లగా పోయేవి. ఇప్పుడంతా స్లాబు, గచ్చు. ఆ నీళ్లన్నీ నిమిషాల్లో కిందికి వస్తాయి.

ఆయన మొదట చేసిన మార్పు చాలా సులువైంది, ఖర్చు కూడా పెద్దగా లేదు. పై నీళ్లు పైనే పోవాలి. డాబా పైపుల్లో ఒక్కటి కూడా సెల్లార్‌లోకి దిగకూడదు. అన్నిటినీ నేల మట్టంలోనే తిప్పి ముందు వైపుకి తెచ్చారు. సెల్లార్‌లోకి వచ్చేది ర్యాంపు మీద పడే వాన, టైర్లకి అంటుకొచ్చే నీళ్లు మాత్రమే. వాటికి ఒక చిన్న సంపు, 3 హెచ్‌పీ బురద మోటార్లు రెండు. ఒకటి నడుస్తుంది, ఒకటి తోడుగా ఉంటుంది. ఫ్లోటు లేస్తే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. ప్యానెల్ బోర్డు సెల్లార్‌లో కాదు, మొదటి అంతస్తు మెట్ల దగ్గర. జనరేటరు కూడా ఎత్తు దిమ్మ మీదే. మోటార్ల గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు, బాగానే ఉన్నాయి.

రెండోది ట్యాంకు. అసలు ఖర్చు ఇక్కడే. ముందు పార్కింగు గచ్చు కింద 30 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు, నాలుగుంపావు అడుగుల లోతున ఆర్‌సీసీ ట్యాంకు. దాదాపు 60,000 లీటర్లు పడుతుంది. ఇంత వెడల్పెందుకు, లోతు పెంచి చిన్నది కట్టొచ్చుగా అని మరిది గొడవ. లోతు పెంచితే ట్యాంకు అడుగు రోడ్డు కాలువ అడుగు కంటే కిందికి పోతుంది, అప్పుడు ప్రతి వానకీ మోటారుతో తోడాలి. ఇలా అయితే కరెంటు ఉన్నా లేకపోయినా నీళ్లు వాటంతటవే వాలులో పోతాయి. మా గచ్చు రోడ్డు కంటే రెండున్నర అడుగుల ఎత్తు కాబట్టి ఇది కుదిరింది. ట్యాంకు నుంచి బయటికి వెళ్లే దారి మూడు అంగుళాల రంధ్రం మాత్రమే. ట్యాంకు నిండా ఉన్నా సెకనుకి 14 లీటర్లు మించి పోవు. అంత ఖర్చు పెట్టి కట్టి, బయటికి ఇంత చిన్న కన్నమా అని నేనూ అడిగాను. "మీ నీళ్లన్నీ ఒకేసారి వదిలితే వెనక వీధిలో తేలతాయి మేడం" అన్నాడు.

ఆ మాట గురించి కొంచెం చెప్పాలి. మా వెనక సందులో ఇరవై ముప్ఫై ఇళ్లు రోడ్డు కంటే కిందికే ఉంటాయి. మేం మట్టి తోలి స్థలం ఎత్తు చేసిన రోజు నుంచీ అక్కడి వాళ్లు మాతో సరిగా మాట్లాడటం లేదు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఇంతకు ముందు మా ఖాళీ స్థలంలోకి వచ్చే నీళ్లు ఇప్పుడు వాళ్ల గుమ్మాల్లోకి పోతాయి. కొత్తగా కట్టే ప్రతివాడూ పక్కవాడి కంటే అడుగు ఎత్తు లేపుతాడు, పదేళ్లకి రోడ్డే కాలువ అవుతుంది. ట్యాంకు కట్టినందువల్ల వాళ్లకి మేలు జరిగిందని చెప్పను. కీడు కొంత తగ్గింది. సందు మొదట్లో టిఫిన్ బండి పెట్టే పిన్నిగారు మాత్రం మళ్లీ పలకరిస్తోంది.

మూడోది, నా లెక్కలో డబ్బుకి అన్నిటికంటే ఎక్కువ పని చేసింది, వెనక్కి రానివ్వని వాల్వు. ట్యాంకు పైపు కాలువలో కలిసేచోట ఒక తలుపు లాంటి రెక్క. లోపలి నీళ్లు తోస్తే తెరుచుకుంటుంది, కాలువ నిండి బయటి నీళ్లు తోస్తే మూసుకుంటుంది. కరెంటు లేదు, మీట లేదు. మాకు 18,000 అయింది. మొత్తం పనికి పదిహేను లక్షల చిల్లర అయింది, అందులో ఇదెంత? ఇది లేకపోతే మిగిలినదంతా దండగే. కాలువ నిండినప్పుడు ఊరి మురుగంతా మా పైపులోంచి వెనక్కి వచ్చి, మేమే కట్టిన ట్యాంకులో చక్కగా నిండేది.

ఆగస్టులో ఒక శనివారం అది పని చేయడం కళ్లారా చూశాం. సాయంత్రం నాలుగున్నరకి మొదలైంది వాన. శ్రావణమాసం, షాపు నిండా ఆడవాళ్లు, బల్ల మీద ఏడెనిమిది చీరలు విప్పి ఉన్నాయి. ఐదింటికల్లా రోడ్డు మోకాలి లోతు. కాలువ ఎక్కడుందో తెలియడం లేదు. వాచ్‌మన్ వచ్చి, "అమ్మగారూ, రెక్క మూసుకుపోయింది" అన్నాడు. శ్రీకాకుళం మనిషి, తుపాన్లు చూసినవాడు, కంగారు లేదు. ట్యాంకు మూత దగ్గర అంగుళాలు గీసిన కర్ర ఒకటి దించి ఉంచాం. నేను గొడుగు పట్టుకుని పావుగంటకోసారి వెళ్లి చూస్తూనే ఉన్నాను. ఒకటిన్నర అడుగులు. రెండుంపావు. మూడడుగుల మీద రెండు అంగుళాలు. ట్యాంకు పై కప్పుకి ఇంకో అడుగే ఉంది. వాల్వు మూసుకున్నాక బయటికి చుక్క పోదు కాబట్టి, అదే జోరున పడితే ఇంకో పావుగంటలో నిండిపోవాలి. అప్పుడు మోటారు పెట్టి రోడ్డు మీద పొయ్యాలి. రోడ్డు మీద పోస్తే అది వెనక సందులోకే పోతుంది. ఆ పావుగంట నాకున్న టెన్షన్ చెప్పలేను. లోపలికి వచ్చి ఒకావిడకి నెమలి కంఠం రంగు అడిగితే ఆకుపచ్చ చించి ఇచ్చాను.

ఆరుంపావుకి వాన తగ్గింది. ఎనిమిదిన్నరకి కాలువ దిగింది, రెక్క దానంతటదే తెరుచుకుంది. పది దాటాక చూస్తే ట్యాంకు అడుగున బురద మాత్రమే ఉంది. సెల్లార్‌లో నలభై బళ్లు, ఒక్కదాని టైరు కూడా మునగలేదు. ఆ రాత్రి మా ఆయన నాలుగు మార్కులు అన్నారు. అక్కడితో ఆగితే నేనూ ఇచ్చేదాన్ని.

సరిగ్గా వినాయక చవితి అయిన మూడో రోజు మళ్లీ వాన పడింది. ఆగస్టుతో పోలిస్తే సగం కూడా లేదు. కానీ ట్యాంకులోకి నల్లటి నీళ్లు వస్తున్నాయి, కంపు. రెక్క పూర్తిగా మూసుకోలేదు. తెల్లారి తీసి చూస్తే సందులో మారేడు కొమ్మ ఒకటి, దానికి చుట్టుకుని షాంపూ ప్యాకెట్ల దండ. ఎవరో పూజ పత్రి కాలువలో వేశారు. రెక్క ముందు చెత్త ఆపే జాలీ గది కట్టాలని మొదటి ఎస్టిమేటులోనే ఉంది. పుస్తకం తీసి చూశాను, 22,000 అని నేనే రాశాను. పని మాత్రం చేయలేదు, బిల్లులో మాత్రం ఉంది. మర్చిపోయాం మేడం అన్నాడు కుర్రాడు. మర్చిపోయినవాడు బిల్లులో మర్చిపోలేదే అని మరిది. ఫోను చేస్తే మొదటి నాలుగు రోజులు ఎత్తలేదు. పదకొండో రోజుకి వచ్చి జాలీ గది కట్టి, దాంతో పాటు రెండో రెక్క కూడా తన డబ్బుతో బిగించాడు. తప్పు ఒప్పుకున్నాడు, దిద్దాడు. కానీ ఆ పదకొండు రోజుల్లో పెద్ద వాన పడి ఉంటే? అందుకే అర మార్కు తీసేశాను. పేరు రాయకపోవడానికీ అదే కారణం. పొగుడుతూ రాస్తే అబద్ధం, తిడుతూ రాస్తే అన్యాయం.

ఇంకో అర మార్కు జాలీ మూతల దగ్గర పోయింది. ర్యాంపు మొదట్లో ఒకటి, అడుగున ఒకటి, అడుగు వెడల్పు కాలువలు అడ్డంగా ఉంటాయి. వాటి మీద బళ్లు ఎక్కి దిగుతాయి. మొదట లోకల్‌గా వెల్డింగు చేయించిన ఇనుప యాంగిల్ మూతలు వేశారు. బండి ఎక్కినప్పుడల్లా ఢమాల్ ఢమాల్. నా షాపు ర్యాంపు పక్కనే. రెండో నెలకి ఒకటి సొట్టపోయి స్కూటీ చక్రం దిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదృష్టం. తర్వాత తెలిసింది, వీటికి బరువు లెక్కన రకాలుంటాయట. కార్లు మాత్రమే తిరిగేచోట 12.5 టన్నులు మోసేవి, లారీలు ఎక్కేచోట 40 టన్నులవి. మా ముందు గచ్చు మీదకి సరుకు లారీలు వస్తాయి. డక్టైల్ ఐరన్‌వి కొత్తవి వేయించాం, 74,000 మా చేతి నుంచి. ఇది ముందే చెప్పాల్సింది ఆయనే. కాంప్లెక్సు కట్టేవాళ్లు కొటేషన్‌లో "మూత" అని ఉంటే ఏ మూత, ఎన్ని టన్నులు అని తప్పకుండా రాయించుకోండి.

వరద అడ్డు పలకలు. సెల్లార్ ర్యాంపు నోటి దగ్గర అటూ ఇటూ గోడలకి గాడులు, మధ్యలో తీసి పెట్టే స్తంభం. అల్యూమినియం పలకలు ఒకదాని మీద ఒకటి గాడిలోకి దించాలి. కింద, మధ్యల్లో రబ్బరు. పైన బిగించే క్లాంపులు. రెండు వైపులా నాలుగేసి, మొత్తం ఎనిమిది పలకలు, రెండున్నర అడుగుల పైచిలుకు ఎత్తు. 2,85,000. సామాను మంచిది, మాట లేదు. మొదటిసారి బిగించి చూద్దామంటే యాభై నిమిషాలు పట్టింది. పలకలకి నంబర్లు లేవు, ఏది ఎటో తెలియదు. మధ్య స్తంభం బోల్టు దిగాల్సిన కన్నంలో టైల్స్ వాళ్లు సిమెంటు నింపేశారు. సుత్తి, ఉలి పెట్టి తవ్వాం. వాన పడుతుండగా ఇది జరిగితే మా గతి ఏమిటి? ఇప్పుడు పలకలకి ఎర్ర పెయింటుతో నంబర్లు రాశాను, కన్నానికి స్టీలు మూత పెట్టించాను. వాచ్‌మన్, నా షాపు కుర్రాడు కలిసి పదిహేడు నిమిషాల్లో బిగిస్తున్నారు. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటుతుందంటే సాయంత్రమే బిగించేశాం. అవసరం పడలేదు. మర్నాడు కొందరు అద్దెవాళ్లు నవ్వారు, నవ్వనీ.

పలకలు సెల్లార్‌లోనే ఒక మూల పెట్టమని కాంట్రాక్టర్ చెప్పాడు. నేను ఒప్పుకోలేదు. నీళ్లొస్తే ముందు మునిగేది సెల్లార్. పలకలే మునిగిపోతే ఇంకేం బిగిస్తాం? పై మెట్ల కింద రాకు చేయించాను.

షాపుల షట్టర్ల గురించి చాలామందికి భ్రమ ఉంది. రోలింగ్ షట్టరు దొంగని ఆపుతుంది, నీళ్లని ఆపదు. కింద సందు, పక్క గాడుల్లోంచి హాయిగా వచ్చేస్తాయి. షట్టరు ముందు అడుగున్నర పలక పెట్టుకునే గాడి ప్రతి షాపుకీ ఇచ్చాం. పద్నాలుగు మందిలో ఐదుగురే పలకలు కొన్నారు. నా షాపులో కింది అరలు కడప రాయితో కట్టించాను, ప్లైవుడ్ లేదు. స్విచ్చులన్నీ నాలుగడుగుల పైన. కింది అరలో లేసులు, జిప్పులు, హుక్కుల డబ్బాలు పెడతాను, తడిసినా ప్రాణం పోదు. తెల్ల పాప్లిన్ పై అరలో. ఎర్ర టూ బై టూ దానికి దూరంగా.

ఇంకుడు గుంత గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది పూర్తిగా వృథా. 2002 నాటి వాల్టా చట్టం నుంచీ వాన నీటిని నేలలోకి ఇంకించే ఏర్పాటు ఉండాల్సిందే, అనుమతి కావాలంటే తప్పదు. తవ్వాం. కంకర, ఇసుక, బొగ్గు అన్నీ పద్ధతి ప్రకారం వేశాం. కానీ మాది నల్లరేగడి, చుట్టూ ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ పారే ఊరు. వానాకాలంలో ఏడెనిమిది అడుగులు తవ్వితే నీళ్లే. నిండుగా ఉన్న కుండలో ఇంకేం పోస్తాం? హైదరాబాద్‌లో మా ఆడపడుచు వాళ్ల అపార్ట్‌మెంట్‌లో ఇదే గుంత వల్ల ఎండాకాలం బోరుకి నీళ్లు నిలుస్తున్నాయట. అక్కడ రాతి నేల, పగుళ్లు. ఇక్కడ అది దోమల తొట్టి. దీనికి కాంట్రాక్టర్‌ని అనను, ఆయన మొదటి రోజే చెప్పాడు.

సెల్లార్‌లో ఆరు షాపులు తీసి అద్దెకిద్దామని మరిది చివరి దాకా పట్టుబట్టాడు. పర్మిషన్ పార్కింగుకే, అయినా అందరూ చేస్తున్నదేగా అని. 2024 జూలై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్ లైబ్రరీలోకి వాన నీళ్లు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ వార్త పేపరు ముక్క మా తోడికోడలే కత్తిరించి ఫ్రిజ్‌కి అతికించింది. మరిది మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా చదివి మీ కాంప్లెక్సు ఇక మునగదా అంటే, మునుగుతుంది. మా పక్క గోడ మీద 2024 నాటి నీటి మరక రోడ్డు నుంచి ఆరడుగుల రెండు అంగుళాలు. కావాలనే దాని మీద సున్నం వేయలేదు. గచ్చు ఎత్తు, ర్యాంపు మొదట్లో ఆరంగుళాల మూపు, పలకలు అన్నీ కలిపినా సెల్లార్‌ని ఐదున్నర అడుగుల దాకానే కాపాడతాయి. షాపులకి ఇంకో అరడుగు తక్కువ. బుడమేరు మళ్లీ అలా తెగితే నేను చేయగలిగింది బళ్లు బయటికి పంపించి, గుడ్డ పై అంతస్తుకి ఎక్కించడం. ఏటా ఐదారుసార్లు పడే గట్టి వానకీ, రోడ్డు మీద రెండు మూడడుగులు నిలిచే నీళ్లకీ ఈ ఏర్పాటు చాలు. కాంట్రాక్టర్ ఈ మాట దాచలేదు, రాతపూర్వకంగా ఇచ్చాడు. అమ్మేవాడు ఇలా రాసివ్వడం నేను చూడటం ఇదే మొదటిసారి. పోయిన అర మార్కు అక్కడ వెనక్కి వచ్చింది.

ట్యాంకులో, జాలీ గదిలో పూడిక ఏడాదికి రెండుసార్లు తీయాలి. దానికి ఒప్పందం వేరే, ఏడాదికి 36,000. సగం ఇచ్చాను. కార్పొరేషన్ వాళ్లు రోడ్డు కాలువ పూడిక తీశాక మే నెలాఖరుకి వస్తానన్నాడు. రాకపోతే ఇదే రివ్యూ దిద్ది మూడు చేస్తాను.